"మానిటర్ దండగ, టీవీ కొనుక్కో" అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

మా ఫ్యామిలీ గ్రూపులో మా బావ ఈ మెసేజ్ పెట్టడం ఇది మూడోసారి. మీకూ వచ్చే ఉంటుంది. రాని వాళ్ల కోసం సారాంశం చెప్తాను: మానిటర్ కొనడం శుద్ధ దండగ, 24 అంగుళాల మానిటర్‌కి పెట్టే డబ్బుతో 32 అంగుళాల స్మార్ట్ టీవీ వస్తుంది, ఇంకాస్త వేసుకుంటే 43 అంగుళాల 4కే టీవీయే వస్తుంది, లోపల ఉండే ప్యానెల్ (బొమ్మ కనపడే పలక) రెండింట్లోనూ ఒకటే, మానిటర్ అని పేరు మార్చి కంపెనీలు, పన్నులు వేసి గవర్నమెంటు ఎక్కువ లాగుతున్నాయి, హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పని అయిపోతుంది, తెర పెద్దది కాబట్టి కళ్లకీ మంచిది, పైగా స్పీకర్లు, యాప్‌లు ఫ్రీ.

మామూలుగా అయితే చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ని. కానీ ఈసారి అక్క కొడుక్కి ఇంజనీరింగ్ సీటొచ్చింది, కంప్యూటర్ సైన్సు, వాడికి కంప్యూటర్ కొనాలి. అక్క ఆ మెసేజ్ చదివి "ఏరా, టీవీయే తీసుకుందామా, చదువుకీ ఉంటుంది, సినిమాకీ ఉంటుంది" అని ఫోన్ చేసింది. పైగా ఈ తప్పు నేను ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నవాణ్ని. అందుకని ఒక్కో మాటా పట్టుకుని చెప్తాను.

మొదట ఆ 32 అంగుళాల సంగతి. "అదే ధరకి పెద్ద తెర" అన్నది నిజమే. కానీ అంగుళాలు పెరిగాయి తప్ప పిక్సెల్స్, అంటే బొమ్మని కూర్చే చుక్కలు, పెరగలేదు, పైగా తగ్గాయి. మానిటర్ ధరకి దొరికే 32 అంగుళాల టీవీ దాదాపుగా ఎప్పుడూ హెచ్‌డీ రెడీయే, అంటే 1366×768. లెక్కేస్తే అంగుళానికి 49 పిక్సెల్స్. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92. సోఫాలో పది అడుగుల దూరాన కూర్చుంటే ఆ తేడా కంటికి ఆనదు, టీవీ చేసేదే ఆ దూరం కోసం. రెండడుగుల దూరంలో కూర్చుని అక్షరాలు చదివితే మాత్రం బండారం బయటపడుతుంది.

ఇంగ్లీషు అక్షరాలు ఎలాగో గట్టెక్కుతాయి. మన అక్షరాలకి వత్తులున్నాయి, సుడులున్నాయి, పొట్టలో చుక్కలున్నాయి. నేను ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ని. 2020 లాక్‌డౌన్‌లో పాత మానిటర్ చచ్చిపోతే షాపులు తెరిచి లేవు, హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీని టేబుల్ మీదకి లాగాను. అబ్బ, ఎంత పెద్ద తెర అని మొదటి రోజు నేనూ మురిసిపోయాను, ఫొటో తీసి గ్రూపులో పెట్టాను కూడా. ఆ నెలలో శతక పద్యాలకి టీకా తాత్పర్యాల పుస్తకం ఒకటి దిద్దాను. పదకొండు చోట్ల "అర్థం" ఉండాల్సిన చోట "అర్ధం" ఉండిపోయింది. థ వత్తులో ఉండే చుక్కకీ, ధ వత్తులో ఉండే చిన్న గీతకీ మధ్య తేడా చూపించడానికి ఆ తెర మీద చాలినన్ని పిక్సెల్స్ లేవు, నా కళ్లకి రెండూ ఒకటే మచ్చలా కనిపించాయి. పద్యాలకి అర్థం చెప్పమంటే సగం చెప్పినట్టయింది. అచ్చయ్యాక తెలిసింది, ఆ తప్పులున్న అచ్చు ఫారాలు మళ్లీ వేయించిన ఖర్చు నాదే. జూమ్ చేసుకోవచ్చు కదా అంటారేమో, చేసుకోవచ్చు, అప్పుడు తెర మీద పట్టేది పావు పేజీ, మరి పెద్ద తెర కొని సాధించిందేమిటి?

43 అంగుళాల 4కే మాట వేరు, ఒప్పుకుంటాను. 3840×2160 పిక్సెల్స్, అంగుళానికి 102 పైమాటే, అంటే 24 అంగుళాల మానిటర్ కన్నా కాస్త మెరుగే. కానీ ఆ టీవీ ధర మానిటర్‌కి రెండింతలు దాటుతుంది. ఫార్వర్డ్ రాసినవాడి తెలివి ఇక్కడే ఉంది, ధర చెప్పేటప్పుడు 32 అంగుళాల టీవీది చెప్తాడు, బొమ్మ చూపించేటప్పుడు 43 అంగుళాల దాన్ని చూపిస్తాడు.

"పెద్ద తెర కళ్లకి మంచిది." ఎంత దూరం నుంచి చూస్తున్నామో చెప్పకుండా ఈ మాట అనడానికి లేదు. 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 53. మన ఇళ్లలో చదువుకునే టేబుల్ లోతు రెండడుగులు ఉంటే గొప్ప. ఆ దూరంలో ఈ తెర పెట్టుకుంటే ఓ మూల నుంచి ఇంకో మూలకి కళ్లు తిప్పితే చాలదు, మెడ తిప్పాలి. ఇంకోలా చెప్తాను, 24 అంగుళాల మానిటర్‌ని నిలువుగా నిలబెడితే ఎంత పొడుగుంటుందో 43 అంగుళాల టీవీ ఎత్తు అంత. తెర పై అంచు కంటి ఎత్తులోనో, కొంచెం కిందో ఉండాలని అందరూ చెప్పేదే, టేబుల్ మీద పెట్టిన టీవీ పై అంచు నుదురు దాటి ఇంకా పైకి పోతుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తే తప్పు కుర్చీదనుకుంటాం. మానిటర్ స్టాండుని ఎత్తు మార్చుకోవచ్చు (చవక వాటికి అదీ ఉండదు, చూసి కొనండి), టీవీకి ఆ చివరొకటి ఈ చివరొకటి రెండు కాళ్లుంటాయి, అంతే, టేబుల్ చాలినంత వెడల్పు లేకపోతే ఆ కాళ్లు గాల్లో ఉంటాయి. ఇంకో సంగతి, చాలా టీవీల్లో వాడే వీఏ రకం ప్యానెల్‌ని పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్టుంటుంది, అంత దగ్గర కూర్చుంటే నాలుగు మూలల్నీ మనం పక్క నుంచి చూస్తున్నట్టే లెక్క.

"ప్యానెల్ ఒకటే." ఇందులో సగం నిజముంది, అందుకే ఇది నమ్మబుద్ధేస్తుంది. ఎల్‌జీ డిస్‌ప్లే, బీఓఈ లాంటి ఫ్యాక్టరీలు టీవీలకీ మానిటర్లకీ ప్యానెల్స్ చేస్తాయి. 2022లో వచ్చిన ఎల్‌జీ సీ2 42 అంగుళాల ఓఎల్ఈడీ (ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే రకం) టీవీని కొన్నవాళ్లలో చాలామంది మానిటర్‌గానే వాడారు, అదే కాలంలో ఆసుస్ ఆ రకం ప్యానెల్‌నే తీసుకుని డిస్‌ప్లే పోర్ట్ (కంప్యూటర్లకి వాడే ఇంకో రకం కేబుల్ సాకెట్) పెట్టి పీజీ42యూక్యూ అని మానిటర్‌గా అమ్మింది. కానీ వాటి ధరకీ మన బావ చెప్పే టీవీ ధరకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం.

అయినా ప్యానెల్ ఒకటైనంత మాత్రాన సరిపోదు, దాని వెనక ఉండే బోర్డు ఏం చేస్తుందన్నదే అసలు విషయం. టీవీ పని వచ్చిన బొమ్మని బాగుచేయడం. కేబుల్లో వచ్చే నాసిరకం బొమ్మకి అంచులు దిద్దుతుంది, రంగులు దట్టిస్తుంది, క్రికెట్ బంతి నున్నగా కదిలినట్టు కనపడాలని మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా పుట్టిస్తుంది. సినిమాకి అది సేవ, అక్షరానికి అది చెరుపు. అంచులు దిద్దడం వల్ల ప్రతి అక్షరం చుట్టూ తెల్లటి నీడ కమ్ముకుంటుంది. ఈ మరమ్మతులన్నిటికీ టైమ్ పడుతుంది కూడా, మామూలు మోడ్‌లో 50 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమయ్యే టీవీలు చాలా ఉన్నాయి, మౌస్ నీళ్లలో లాగుతున్నట్టుంటుంది, చేతికీ కంటికీ పొత్తు కుదరదు. గేమ్ మోడ్ పెడితే ఇది బాగా తగ్గుతుంది. ఆ మోడ్ ఒకటుందని, అది ఎక్కడుందని ఫార్వర్డ్‌లో చెప్పరు.

దీనికన్నా పెద్ద చిక్కు రంగుల దగ్గర ఉంది. వీడియోలో సైజు తగ్గించడానికి ఒక పాత చిట్కా వాడతారు, వెలుగు వివరం ప్రతి పిక్సెల్‌కీ పంపి, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒకటి పంపుతారు. టీవీల భాషలో దీన్ని 4:2:0 అంటారు. సినిమాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మన కన్ను వెలుగులో తేడా పట్టినంతగా రంగులో తేడా పట్టదు. కంప్యూటర్ పూర్తి వివరం పంపినా, దాన్ని లోపల ఇలా కుదించేసే టీవీలు బోలెడు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరమైతే పెద్దగా చెడదు, న్యాయంగా చెప్పాలి. నీలం మీద ఎరుపు, నలుపు మీద ఊదా లాంటివి మాత్రం అలికేసినట్టుంటాయి. ఇప్పుడు ఆలోచించండి, మా మేనల్లుడు నాలుగేళ్లు చూడబోయేది ఏమిటి? నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎరుపు, పచ్చ, ఊదా రంగుల్లో కోడ్. సరిగ్గా టీవీ చెడగొట్టే చోటే వాడి పనంతా.

"కేబుల్ గుచ్చితే చాలు." గుచ్చి చూడండి. మొదట కింద టాస్క్‌బార్ సగం కనపడదు. పిక్చర్ ట్యూబ్ టీవీల కాలంలో అంచుల్లో బొమ్మ వంకరగా వచ్చేది కాబట్టి కొంచెం పెద్దది చేసి అంచులు తెర బయటకి నెట్టేసేవాళ్లు, ఆ ట్యూబులు పోయి ఎన్నాళ్లో అయినా ఆ అలవాటు టీవీల సెట్టింగ్స్‌లో ఇంకా బతికే ఉంది. దాన్ని ఆపేది ఒక్కో కంపెనీలో ఒక్కో పేరుతో ఉంటుంది, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శాంసంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, సోనీలో ఫుల్ పిక్సెల్. తర్వాత నలుపు బూడిద రంగులో కనపడుతుంది, కంప్యూటర్ అవతల ఉన్నది టీవీ అనుకుని రంగుల పరిధి కుదించి పంపుతుంది కాబట్టి. పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ పాత వెర్షన్ 1.4 ఉందనుకోండి, 4కే వస్తుంది కానీ సెకనుకి 30 ఫ్రేములే, మౌస్ ఎగిరెగిరి కదులుతుంది, 60 కావాలంటే ల్యాప్‌టాప్, టీవీ రెండు వైపులా హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. డిస్‌ప్లే పోర్ట్ మామూలు టీవీల్లో ఉండదు. ఇవన్నీ సర్దుకున్నాక కూడా రోజూ వేధించేది ఒకటుంది, కంప్యూటర్ నిద్రపోతే మానిటర్ తనూ నిద్రపోతుంది, మౌస్ కదిపితే లేస్తుంది, టీవీ అయితే "నో సిగ్నల్" అని మొరపెట్టుకుని ఆగిపోతుంది, మళ్లీ లేపాలంటే రిమోట్ కావాలి, ఆ రిమోట్ ఎప్పుడూ మంచం మీద దుప్పటి కిందే ఉంటుంది.

"స్పీకర్లు, యాప్‌లు ఫ్రీ." ఏదీ ఊరికే రాదు. చాలా స్మార్ట్ టీవీలు తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టి ఆ వివరం కంపెనీకి పంపుతాయి, ఆ వివరంతోనూ, ప్రకటనలతోనూ వచ్చే ఆదాయం ఉంది కాబట్టే కొన్ని కంపెనీలు టీవీని తక్కువకి అమ్మగలుగుతున్నాయి. 1.1 కోట్ల టీవీల్లో చూసేవాళ్లకి చెప్పకుండా ఇలా సేకరించిందన్న ఆరోపణ మీద 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో విజియో అనే టీవీల కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2024లో లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ యూనివర్సిటీల పరిశోధకులు శాంసంగ్, ఎల్‌జీ టీవీలని పరీక్షించి, హెచ్‌డీఎంఐతో కలిపి ఉత్త తెరగా వాడుతున్నప్పుడు కూడా ఈ గుర్తింపు నడుస్తోందని చూపించారు. సెట్టింగ్స్‌లో వద్దని పెడితే ఆగిందని కూడా వాళ్లే చెప్పారు. మానిటర్‌గా వాడే టీవీకి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఇంకా మంచిది, అప్పుడు ఫ్రీ యాప్‌లూ ఉండవు, సరే.

పన్ను మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 32 అంగుళాలు దాటితే టీవీకైనా, మానిటర్‌కైనా ఒకప్పుడు 28 శాతం జీఎస్టీయే, 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ 18. మానిటర్ అన్న పేరుకి వేరే పన్నేమీ లేదు.

ఇంట్లో ఆల్రెడీ 4కే టీవీ ఉండి, కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. గోడకి తగిలించి మూడు నాలుగడుగుల దూరం జరగండి, ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చండి (శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో చాలావాటికి ఈ ఒక్క పనితోనే రంగు అక్షరాలు బాగుపడతాయి, వింతగా ఉంటుంది కానీ నిజం), షార్ప్‌నెస్ (అంచులు దిద్దేది అదే) దించండి, మోషన్‌కి సంబంధించినవన్నీ ఆపేయండి. ఓఎల్ఈడీ అయితే టాస్క్‌బార్ దాక్కునేలా పెట్టుకోండి, రోజంతా ఒకే చోట కదలకుండా ఉండే బొమ్మ కొన్నాళ్లకి మచ్చగా మిగిలిపోతుంది.

అక్కకి నేను చెప్పింది 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్ రకం) మానిటర్, ఎత్తు మార్చుకునే స్టాండుతో. డబ్బు సర్దగలిగితే 27 అంగుళాలది, 2560×1440. దాంట్లో అంగుళానికి 108 పైనే వస్తాయి. ఇంకా టీవీ మీదే మనసుంటే కొనేముందు ల్యాప్‌టాప్, కేబుల్ పట్టుకుని షాపుకి వెళ్లమన్నాను. షాపువాళ్లు పెట్టే పూల వీడియోలు, చేపల వీడియోలు కాదు, రోజూ చదివే సైజులో ఒక తెలుగు పేజీ తెరవాలి, "అర్థం", "అర్ధం" పక్కపక్కన టైప్ చేయాలి, కింద నీలం మీద ఎరుపు అక్షరాలతో ఒక లైను పెట్టాలి, కుర్చీ అడిగి రెండడుగుల దూరంలో కూర్చోవాలి. షాపువాడు కుర్చీ ఇవ్వనంటే నిలబడే చూడండి, అయిదు నిమిషాలు చాలు.