పక్షవాతం వచ్చిన మనిషిని నలభై రోజులు పడుకోబెట్టకండి

“పక్షవాతం వచ్చినవారి ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన నాలుగు రహస్యాలు” అనే సందేశం మళ్లీ నా ఫోనుకు వచ్చింది. పంపుతున్నవారంతా చదువుకున్నవారే, నేను ఫిజియోథెరపిస్టునని తెలిసినవారే. “ఇది నిజమేనా?” అని ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

మొదటి రహస్యం ప్రకారం నరాలు కుదుటపడేదాకా రోగి ఒక మండలం పాటు మంచం దిగకూడదట. ఇందులో కొంత నిజముందని ఒప్పుకుంటాను. 2015లో వెలువడిన అవర్ట్ (AVERT) అధ్యయనం అయిదు దేశాల్లో పక్షవాతం వచ్చిన 2,104 మందిని పరిశీలించింది. తొలి 24 గంటల్లోనే మంచం దించి పదేపదే సాధన చేయించినవారు, మూడు నెలల తర్వాత చూస్తే మామూలు పద్ధతిలో చికిత్స పొందిన మిగతావారికన్నా కాస్త తక్కువగానే కోలుకున్నారు. కాబట్టి మొదటి రోజే తొందరపెట్టవద్దనడం సబబే. కానీ ఆ మిగతావారిలోనూ సగం మందిని ఒక రోజు గడవకముందే మంచం దించారు! ఒక్క రోజు జాగ్రత్తను నలభై రోజులకు సాగదీయమని ఎవరు చెప్పారు? అన్ని రోజులు పడుకునే ఉంటే పిరుదుల దగ్గర పుండ్లు పడతాయి. పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. పడుకోబెట్టి పోసిన గంజి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నడుము నిలుపుకునే శక్తి ఇంకా సన్నగిల్లుతుంది. కూర్చోలేని మనిషి అన్నం ముద్దకూ, మరుగుదొడ్డికీ ఇంకొకరి మీద ఆధారపడాల్సిందే.

డాక్టరు సరే అన్న రోజే కూర్చోబెట్టడం మొదలుపెట్టండి. నులక మంచం కుంగిపోతుంది, అది వద్దు. గట్టి బల్ల మీద, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టాలి. మీరు పడిపోయిన చేతి వైపే ఉండండి, కానీ ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, భుజం కీలు దెబ్బతింటుంది. ముందు వీపుకు ఆసరా లేకుండా కొద్దిసేపు కూర్చోనివ్వండి. అది కుదిరాక ఒక గ్లాసును చెయ్యి అందే దూరానికి బెత్తెడు అవతల పెట్టి, బాగున్న చేత్తో అందుకోమనండి. మొదట ఎదురుగా, ఆ తర్వాత పడిపోయిన వైపుకు జరుపుతూ పోండి. అటు వంగినప్పుడు పడిపోయిన కాలిని గమనించండి. మడమ నేలను అదుముతుంది, తొడ కండరం బిగుస్తుంది. లేచి నిలబడటానికి కావలసిన పని ఆ కాలు అక్కడే మొదలుపెడుతుంది.

రెండో రహస్యం చదివితే ఒళ్లు మండింది. పక్కకు ఒరిగిపోతుంటే తువ్వాలుతో కుర్చీకి కట్టేయాలట! కట్టడానికి ఆయన మనిషా, బియ్యం బస్తానా? బరువంతా తువ్వాలే మోస్తుంటే నడుము కండరాలకు పనేముంది? పొరపాటున కిందికి జారితే ఆ కట్టు గొంతుకు బిగుసుకుంటుంది. కొందరు రోగులు బాగున్న చేత్తో తోసుకుంటూ మరీ పడిపోయిన వైపుకు ఒరుగుతారు. సరిచేయబోతే ఇంకా గట్టిగా తోస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకుని కసురుతారు. దయచేసి కసరకండి. ఒరిగి ఉన్నప్పుడే నిటారుగా ఉన్నట్టు వారి మెదడుకు అనిపిస్తుంది. ఎదురుగా ఉన్న ద్వారబంధాన్ని చూపించి, దానికి సమంగా రమ్మని నెమ్మదిగా చెప్పండి. ఒంటికి తెలియని ఒరుగును కళ్లు పట్టిస్తాయి.

మూడోది పావురం రక్తం పూయడం. చర్మానికి పూసిన రక్తం మెదడులో దెబ్బతిన్న చోటికి చేరదు. ఇంతకు మించి దాని గురించి రాయను.

ఆరు నెలలు దాటితే ఇక ప్రయత్నం వృథా అన్నది నాలుగోది. తొలి మూడు నెలల్లో మార్పు వేగంగా వస్తుంది, తర్వాత మందగిస్తుంది. మందగించడమంటే ఆగిపోవడమా? 1997లో ఆస్ట్రేలియాలో క్యాథరిన్ డీన్, రోబెర్టా షెపర్డ్ అనే ఫిజియోథెరపీ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. పక్షవాతం వచ్చి కనీసం ఏడాది అయిన 20 మందిని తీసుకుని, వారిలో సగం మందితో రెండు వారాల పాటు పైన చెప్పినలాంటి సాధనే చేయించారు. కూర్చుని, చెయ్యి చాపితే అందని వస్తువును అందుకోవడమే ఆ సాధన. వారు మునుపటికన్నా ఎక్కువ దూరం, ఎక్కువ వేగంగా అందుకోగలిగారు. పడిపోయిన వైపు పాదం మీద ఎక్కువ బరువు మోపగలిగారు. ఏడో నెల వచ్చిందని మీ ఇంట్లో ఎవరినైనా మంచానికి వదిలేసి ఉంటే, ఈ రోజే ఫిజియోథెరపిస్టుకు ఫోను చేయండి.