క్లీనరు సీటు వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ క్లీనరు సీటు వారి దివ్య సముఖమునకు, తమ ఒడిలో ఎనిమిది నెలలుగా కూర్చున్న హెవీ లైసెన్సుదారుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయ కుశలోపరి. నా నడుము తప్ప అంతా క్షేమం. మీ మధ్య స్ప్రింగు క్షేమంగా ఉన్న సంగతి ఆ నడుమే గంటగంటకీ తెలియజేస్తోంది.

ఈ ఉత్తరం కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల లైన్లో కూర్చుని రాస్తున్నాను. తెల్లారి నాలుగింటికి వచ్చి చేరాం. ఇప్పుడు పదకొండు. ముందున్న బండి మూడుసార్లు కదిలింది, అందులో ఒకసారి వెనక్కి.

ముందుగా నా అర్హతలు మనవి చేసుకోవాలి. మీరు ఇంతవరకూ అడగలేదు కాబట్టి. కారు లైసెన్సు తీసుకుని ఏడాది ఆగాను. ఆగకపోతే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. 20 ఏళ్లు నిండాలన్నారు, నిండాయి. డ్రైవింగు స్కూల్లో 30 రోజులు, అందులో 15 గంటలు స్టీరింగు పట్టాలని రూలు. స్కూలు బండి ఖాళీది. ఒకడు నడుపుతుంటే మిగతా బ్యాచంతా వెనక తొట్టిలో కూర్చునేవాళ్లం. దానికి మేమే లోడు. తర్వాత నేర్పేశామని రాసిచ్చే ఫారం 5 చేతిలో పెట్టి ఇక నువ్వు డ్రైవరువి అన్నారు.

కార్డు వచ్చిన రోజు అమ్మ నన్ను ఆశీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడికి లాక్కెళ్లింది. విశాఖలో కొత్త బండి కొన్నవాళ్లు అక్కడ కొబ్బరికాయ కొట్టించాకే ఊళ్లో తిప్పుతారు కదా. నా ముందు కొత్త కారు, వెనక కొత్త స్కూటరు. "బండేదమ్మా?" అన్నారు పంతులుగారు. అమ్మ లైసెన్సు కార్డు చూపించింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కార్డుకి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ నా చెప్పు కింద పెట్టి తొక్కమన్నారు.

మర్నాడు గాజువాక ఆటోనగర్లో ఓనరు ఆ కార్డుని వెనకా ముందూ తిప్పి చూసి, పసుపు గోటితో గీకాడు.

"లైసెన్సొచ్చి ఎన్నాళ్లయింది?"

"నెల రోజులండి."

"అలాగైతే ఎడమ తలుపు తియ్యి."

మన పరిచయం అలా జరిగింది. అమ్మ మాత్రం చుట్టాలందరికీ మావాడు పోర్టులో చేస్తున్నాడని చెప్పుకుంటోంది. అబద్ధమని అనలేం. ట్రాన్స్‌పోర్టులో పోర్టు ఉంది కదా.

మీ అందం గురించి ఎక్కువ రాయను. రెగ్జిను చిరిగిన చోట గోనెపట్టా, గోనెపట్టా చిరిగిన చోట ఎవరిదో పాత లుంగీ. కడుపులో జాకీ, పానాలు, తాడు చుట్ట, ఒంటి చెప్పు. ఆ చెప్పు ఎవరిదని మా డ్రైవరు గురువుగార్ని అడిగితే "నీకు ముందున్నోడిది" అన్నాడు. రెండోది వేసుకుని వాడెలా వెళ్లిపోయాడో చెప్పలేదు.

మీ ముందు స్టీరింగు లేదు, క్లచ్చు లేదు. బాధ్యతలకి మాత్రం లోటు లేదు. తెల్లారి లేవగానే బండి కింద దూరి బ్రేకులకి గాలినిచ్చే ఎయిర్ ట్యాంకుల వాల్వు లాగి లోపల చేరిన నీళ్లు వదలాలి. పది టైర్లనీ రాడ్డుతో కొట్టి చూడాలి. టంగుమంటే గాలుంది, దబ్బుమంటే లేదు. జంట టైర్లలో లోపలిది పెద్ద దొంగ. తనలో గాలి లేకపోయినా పక్కదాని భుజం మీద బరువు పెట్టి దర్జాగా నిలబడుతుంది. గురువుగారు దాన్ని బావమరిది టైరు అంటాడు. స్కూల్లో నాకీ పాఠం చెప్పలేదు. చెప్పాలంటే బండికి లోడు ఉండాలి మరి.

ఆపైన ఎడమ అద్దం. ఎడమ వైపు ప్రపంచమంతా నా పూచీ. మన తలుపు కింద మనిషి నిలబడితే స్టీరింగు దగ్గర్నుంచి కనపడడు. ఆ సంగతి తెలియని బైకులవాళ్లు గాజువాక జంక్షన్లో సరిగ్గా ఆ సందులోంచే దూరుతారు.

"ఒరే గుంటా, అటేపు ఏటుంది?"

"స్కూటీ ఉంది గురువుగారూ. ఇద్దరమ్మాయిలు."

"ఎవులున్నారని అడిగానేట్రా? ఎంత దూరంలో ఉందో సెప్పు!"

ఇంత చదువు చెప్పే మీకు సర్కారువారు చేసిన సన్మానం కూడా ప్రస్తావించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నేషనల్ పర్మిట్ లారీకి కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలని, రెండోవాడు కాళ్లు చాపుకుని పడుకోవడానికి డ్రైవరు వెనక ఈ చివర్నుంచి ఆ చివరికి బల్ల ఉండాలని రాసుంది. 2018లో ఫాస్టాగూ, బండి ఎక్కడుందో చెప్పే ట్రాకింగు పరికరమూ ఉంటే చాలు, రెండోవాడు అక్కర్లేదన్నారు. గురువుగారికి కునుకొస్తే స్టీరింగు అందుకునే పని ఇకమీదట అద్దానికి అంటించిన స్టిక్కరు చూసుకుంటుందన్నమాట. అదే ఏడాది మా పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచారు. బరువు పెరిగింది, మనిషి తగ్గాడు. ఆ లెక్క వేసినవారు మీ మీద విశాఖ నుంచి రాయ్‌పూర్ దాకా ఒక్కసారి కూర్చుని ఉంటే బాగుండేది.

రాయ్‌పూర్ అంటే గుర్తొచ్చింది. ఐదొందల పైచిలుకు కిలోమీటర్లు. సరుకు వెంట ఉండే ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున మూడు రోజులు గడువిస్తుంది. 1961 నాటి మోటారు కార్మికుల చట్టం, 2025లో రద్దయ్యేదాకా, మనిషికి రోజుకి 8 గంటలే పని, ఐదు గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి అనేది. ఓనరు తెల్లారేసరికి "ఎక్కడున్నారు?" అంటాడు. ఈ ముగ్గురిలో ఫోన్ చేసేది ఓనరొక్కడే కాబట్టి ఆయన మాటే చెల్లుతుంది.

ఇక మీతో నాకు అసలు చుట్టరికం కలిసింది సాలూరు ఘాట్లో. రాయ్‌పూర్ నుంచి బియ్యం లోడుతో వస్తున్నాం. రాత్రి రెండు దాటింది. సుంకి దగ్గర్నుంచి దిగుడు. గురువుగారు ఎక్కేటప్పుడు వేసే గేరే దిగేటప్పుడూ వేశాడు. బ్రేకు నొక్కి నొక్కి దిగితే డ్రమ్ములు వేడెక్కి ఆఖరి మలుపులో పట్టవంటాడు. మలుపు మలుపుకీ ఇంజను మూలుగుతోంది. ముందు పోయే బండి నుంచి కాలిన బ్రేకు లైనర్ల కంపు. ఆయన కాలు తేలిగ్గా ఉంది. నా కుడికాలు మాత్రం నేలని అదిమేస్తోంది, తొడ పట్టేసేదాకా.

సాలూరులో టీ తాగి క్యాబిను తుడుద్దామని నేల మీది పట్టా ఎత్తాను. సరిగ్గా నా కాలు నొక్కిన చోట రేకు రంగు పోయి, మడమంత మేర, తోమిన గిన్నెలా మెరుస్తోంది. నేను ఎనిమిది నెలల్లో అరగదీయగలిగింది కాదది. ఎంతమంది నొక్కారో ఆ లేని బ్రేకుని! ఒంటి చెప్పువాడు కూడా అక్కడే నొక్కి ఉంటాడు.

ఇప్పుడు లైన్లో మా పక్కన ఒక కొత్త బండి ఆగి ఉంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిను తప్పనిసరి చేశారు, ఆ జాతిది. మీ మనవరాలి వరస సీటు, ఇంకా పాలిథిన్ కవరు విప్పలేదు. దాని మీద వాటర్ క్యానుని కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. దాని ఓనరూ మా ఓనరూ టీ కొట్టు దగ్గర డ్రైవర్లు దొరకటం లేదని ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు. వాటర్ క్యాను ఐదేళ్లలో హెవీ నేర్చుకుంటుందని వాళ్ల ఆశ కాబోలు.

పోయిన వారం సంగతి మీకూ తెలుసు, అయినా రాస్తాను. ఒడిశా జైపూర్లో ఇనప చువ్వలు దించేసి ఖాళీగా వస్తున్నాం. రామభద్రపురం దాటాక గురువుగారు బండి పక్కకి తీసి, తలుపు తీసుకుని దిగి, ముందునుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాడు. పంచరేమో అనుకున్నాను.

"జరుగు. అటెళ్లి కూకో."

గజపతినగరం దాకా నేనే తోలాను. ఖాళీ బండే, తిన్నటి రోడ్డే. అయినా ఒక గేదె అడ్డం రావాలా వద్దా అని ఆలోచించుకుంటుంటే నా చొక్కా తడిసిపోయింది. బ్రేకు మీద కాలు పెట్టి ఎడమ అద్దం కేసి చూశాను. అద్దం కంటే ముందు గురువుగారి కాలు కనపడింది. రేకు మెరిసిన చోటే, పట్టాలోకి దిగిపోయేలా నొక్కి పట్టాడు. గేదె వెళ్లిపోయింది. ఆయన కాలు తియ్యలేదు.

కాసేపటికి అటూ ఇటూ సర్దుకుని అన్నాడు: "ఇదేటి సీటురా? ఎనిమిది నెల్లు ఎలాగ కూకున్నావు దీని మీద?"

గజపతినగరంలో ఓనరుకి ఫోన్ చేసి సీటుకి కొత్త స్పాంజి వేయించమన్నాడు. ఫోన్లో ఓనరు గొంతు నాకూ వినపడింది. "క్లీనర్నే మానిపిద్దామని నేననుకుంటుంటే సీటుకి స్పాంజేంటయ్యా!"

లైను కదిలింది. గురువుగారు అద్దం చూడమంటున్నాడు. ఉంటాను.

ఇట్లు,
తమ స్ప్రింగు కింద మనుగడ సాగిస్తున్న
హెవీ లైసెన్సుదారుడు (క్లీనరు)