కిటికీ సీటు అమ్మాయి

దేవరకొండ నుంచి పొద్దున నల్లగొండకు వచ్చే పల్లెవెలుగు బస్సులో కాలేజీ పిల్లలకు సీటు దొరకడమే గగనం. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ ఇంకా పెరిగింది. ఒక చేతిలో కమ్మీ, ఇంకో చేతిలో రికార్డు బుక్కు, వేళ్ల మధ్య నలిగిన జీరో టికెట్. ఎవరి మోచెయ్యో తగులుతుంటే ఒదిగి నిలబడుతుంది ఇంటర్ అమ్మాయి.

తెరమీద ఇదే బస్సులో ఆమెకు కిటికీ సీటు ఖాయం. చున్నీ గాలికి ఎగరాల్సిందే. ర్యాంకు టెన్షన్ ఉండదు, కులం అసలే ఉండదు. అబ్బాయి సప్లిమెంటరీ రాస్తాడు, నాన్నతో తిట్లు తింటాడు, దోస్తులతో కొట్లాడి చివరికి మనిషవుతాడు. ఆమె మొదటి సీన్లో ఎలా నవ్విందో శుభం కార్డు దాకా అలాగే నవ్వుతుంది. మా సినిమా పేజీ మాత్రం తక్కువ తిన్నదా? 'అందంగా కనిపించింది, పాత్ర పరిధిలో నటించింది' అని రాసి ఊరుకుంటాం.

సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారన్న పాత పాట మేము పాడబోం. పదిహేడేళ్లకు మనసులో ఒక బొమ్మ గీసుకోవడం సహజమే. చిక్కంతా ఆ బొమ్మ 'వద్దు' అన్నప్పుడు వస్తుంది. సినిమాలో ఆ మాటకు అర్థం ఇంకో పాట దాకా ఆగమని. బస్టాండులో వద్దన్నా మళ్లీ మళ్లీ వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. కానీ కేసు దాకా పోయే ఇళ్లెన్ని? ముందు కాలేజీ మాన్పించేది అమ్మాయినే.

ఇక కులం. 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న యువకుడిని పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇంత జరిగిన నేల మీద కూడా అమ్మాయి ఇంటి సంగతిని ఒక కోపిష్టి తండ్రి మీసంతో సరిపెట్టే కథలు మాకు మింగుడుపడవు.

2025లోనే వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' సినిమా కథను అమ్మాయి వైపు నుంచి చెప్పింది. అది నగరం కాలేజీ కథ. కెమెరాను కాస్త పాలమూరు పల్లెల వైపూ తిప్పాలి. అమ్మానాన్నలు ముంబయికి కూలికి పోతే అవ్వ దగ్గర ఉండి బైపీసీ చదివే పిల్లలు అక్కడ ఉన్నారు. దసరాకైనా అమ్మానాన్నలు వస్తారా అని ఎదురుచూసే ఆ పిల్లకూ ఎవరో ఒకరు నచ్చే ఉంటారు. ఎవరు, ఎందుకు నచ్చారని ఆమెను అడిగిన సినిమా మాకింకా కనిపించలేదు.