విశ్వాసం లేని జీవితో మూడు గంటలు

మా ఇంటికి ఎవరొచ్చినా సోఫాలో వెనక్కి వాలకముందే ఒక తీర్పు చెప్పేస్తారు. "పిల్లికి విశ్వాసం ఉండదండీ." మంచినీళ్లిస్తే తాగి, గ్లాసు కింద పెడుతూ మిగతా సగం వినిపిస్తారు. "కుక్క మనిషిని చూసి ఉంటుంది, పిల్లి ఇంటిని చూసి ఉంటుంది." బళ్లో ఎక్కాలతో పాటు దీన్ని కూడా బట్టీ పట్టించారేమో, డాక్టరు దగ్గర్నుంచి గ్యాస్ బండ తెచ్చే కుర్రాడి దాకా ఒక్కరూ అక్షరం మార్చరు. జన్మలో ఒక్క పిల్లితో ఒక్క పూట గడపని వాళ్లకైతే మరీ గడగడా వచ్చేస్తుంది.

ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. మొన్న ఆదివారం మా వేలువిడిచిన బాబాయ్ వచ్చి వెళ్లాక మాత్రం ఇక ఊరుకోదలుచుకోలేదు.

బాబాయ్‌ది తెనాలి. అందువల్ల పిల్లుల విషయంలో తనకేదో వంశపారంపర్య హక్కు ఉందని ఆయన నమ్మకం. "ఒరేయ్, వీటి సంగతి మా ఊరాయన ఆ రోజుల్లోనే తేల్చేశాడు కదరా" అంటాడు. ఆ కథ మీకూ తెలుసు. రాయలవారు పిల్లిని పెంచమని ఇచ్చి, దాని పాల కోసం ఆవును కూడా ఇస్తే, రామకృష్ణుడు మొదటిరోజే పొగలు కక్కే పాలు పెట్టాడు. మూతి కాలింది. ఆ తర్వాత అది పాలగిన్నె చూస్తే చాలు పరుగో పరుగు, పాలన్నీ ఆయన ఇంట్లో వాళ్లే తాగారు. ఇందులో మూతి కాల్చినవాడు వికటకవి, మూతి కాలినది విశ్వాసం లేని జంతువు. మనం తరతరాలుగా పిల్లలకి అన్నం తినిపిస్తూ చెప్పుకుంటున్న నీతి ఇదీ.

సరే, మా ఇంట్లో రెండున్నాయి. ఒకడు ఘటోత్కచుడు, ముద్దుగా ఘటం. నారింజ రంగు, ఆరు కిలోలు, నోరు మూయడు. పెద్ద పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా అరుదట, ఆ కూతంతా మనుషుల కోసమే పెట్టుకున్నాయట. అంటే వీడు పొద్దస్తమానం మాట్లాడే భాష నాకోసం ప్రత్యేకంగా తయారైందన్నమాట. గిన్నె ఖాళీ అయితే ఒక రాగం. గిన్నె అడుగు కాస్త కనిపిస్తే (ఖాళీ కాలేదు, కనిపించిందంతే) అంతకన్నా విషాదమైన రాగం. రెండోది స్వీటీ. తెల్లది, బొచ్చుది, నోరు విప్పదు, అన్నీ ముఖంతోనే చెబుతుంది. పేరు మేం పెట్టింది కాదు, దాని సంగతికి తర్వాత వస్తాను.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో 'మాయాబజార్' ఉంటుంది. నెలకోసారి తప్పనిసరి. నలుపు తెలుపుదే. 2010లో రంగులద్దిన దాన్ని గుమ్మం లోపలికి రానివ్వం, దాని మీద నా కోపానికి వేరే వ్యాసం కావాలి. లైట్లు ఆర్పాం. స్వీటీ నా ఒళ్లో, ఘటం టీవీ బల్ల మీద, బాబాయ్ సోఫాలో.

ఇప్పుడు ప్రేక్షకుల ప్రవర్తన గమనించండి. ఎస్వీ రంగారావు వివాహ భోజనానికి కూర్చుని లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగురుతుండగా, ఘటం లేచి తెర మీద చెయ్యి వేశాడు. ఒక లడ్డూని కొట్టాడు. అది తగల్లేదు, రంగారావు గారే మింగేశారు. వెంటనే టీవీ వెనక్కి వెళ్లాడు. లోపలికి వెళ్లిన లడ్డూలు అటు పక్క నుంచి రావాలి కదా, న్యాయమైన అనుమానమే. వెనకాల కేబుల్ వైరూ, దుమ్మూ తప్ప ఏమీ లేవని పోయిన నెలా చూశాడు, అంతకు ముందు నెలా చూశాడు. అయినా మళ్లీ వెళ్లి, మళ్లీ మోసపోయి, మూతికి బూజుతో బయటికొచ్చి, మా అందరి వంకా చూసి ఒక్క అరుపు అరిచాడు. 1957లో కె.వి.రెడ్డి గారు చేసిన మాయకి ఇంతకన్నా నిజాయితీగల ప్రేక్షకుడు ఇవాళ్టికి ఎక్కడ దొరుకుతాడు?

ఇదంతా జరుగుతున్నంతసేపూ బాబాయ్ ఫోన్‌లో ఉన్నాడు, స్పీకర్ ఆన్ చేసి. ఎవరిదో రెండు వందల గజాల స్థలం, ఈశాన్యం మూల పెరిగిందట. (అంతకు ముందే, లాహిరి పాటప్పుడు, ఇంకో ఘోరం జరిగింది. ఘంటసాల, లీల, ఆ పడవ, మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన ఆ వెన్నెల. స్వీటీ నా వంక చూసి కళ్లు మెల్లగా మూసి మెల్లగా తెరిచింది. పిల్లి భాషలో అది 'నీ దగ్గర నాకు భయం లేదు' అనడం. నేనూ అలాగే మూసి తెరిచాను. సరిగ్గా అప్పుడు బాబాయ్, "పాట కాస్త ముందుకి జరపరా, కథలోకి వెళ్దాం" అన్నాడు.)

స్థలం తేలాక రీల్స్ మొదలుపెట్టాడు. ఎవడో నవ్విన నవ్వునే ప్రతి రీల్‌కీ అతికిస్తారే, ఆ నవ్వు. మనకి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర చెవి ఆగిపోతుంది, పిల్లికి అరవై వేలు దాటి వినిపిస్తుంది. ఆ డొక్కు స్పీకర్ మోత దానికెలా వినపడి ఉంటుందో ఊహించుకోండి. స్వీటీ చెవులు రెండూ వెనక్కి వాలిపోయాయి. అంతలో ఒక పిల్లి రీల్ వచ్చింది. బాబాయ్ పొట్ట పట్టుకుని నవ్వి, ఫోన్ తెచ్చి దాని ముఖానికి ఆనించి "చూడవే, మీ చుట్టం" అన్నాడు. స్వీటీ ఫోన్ చూడలేదు, బాబాయ్‌ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఈ సినిమా రాసిన పింగళి గారి మాటల్లో చెప్పాలంటే, అసమదీయులెవరో తసమదీయులెవరో ఆ చూపులోనే తేలిపోయింది.

సినిమా అయ్యాక బాబాయ్ చెప్పులేసుకుంటూ అన్నాడు, "ఎంత మేపినా వీటికి విశ్వాసం ఉండదురా."

2019లో అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లిపిల్లలకి ఒక పరీక్ష పెట్టారు. కొత్త గదిలో పెంచినవాళ్లతో రెండు నిమిషాలు, తర్వాత ఒంటరిగా రెండు నిమిషాలు, మళ్లీ పెంచినవాళ్లతో రెండు నిమిషాలు. మనిషి తిరిగి రాగానే బెంగ తీరి, ధైర్యంగా గదంతా తిరిగినవి దాదాపు 64 శాతం. మనుషుల పసిపిల్లల్లోనూ లెక్క ఇంచుమించు అంతేనట. ఇదే పరీక్ష మా బాబాయ్‌కి పెడితే ఏమవుతుందో నేను చెప్పగలను. పిన్నితో కొత్త గదిలో కూర్చోబెడతాం, రెండు నిమిషాలకి పిన్ని బయటికి వెళ్తుంది, రెండు నిమిషాలకి లోపలికొస్తుంది. ఆవిడ వెళ్లిన సంగతీ వచ్చిన సంగతీ బాబాయ్‌కి తెలీదు. వైఫై పాస్‌వర్డ్ ఏంటని గోడని అడుగుతుంటాడు.

ఇంతవరకూ నవ్వులాటే. ఆ రెండో వాక్యం ఉంది చూశారూ, పిల్లి ఇంటిని చూసి ఉంటుందనేది, అక్కడ నాకు నవ్వు రాదు.

స్వీటీ మా మూడో అంతస్తులో అద్దెకుండే వాళ్లది. డబ్బు పెట్టి కొన్నారు. మూడేళ్లు మంచం మీద పడుకోబెట్టుకున్నారు, పుట్టినరోజుకి టోపీ పెట్టి ఫొటోలు తీశారు. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ప్యాకర్స్ వాళ్ల లారీలోకి వాషింగ్ మెషీన్ ఎక్కింది, చేపల తొట్టె ఎక్కింది, తులసికోట ఎక్కింది, కర్టెన్ రాడ్లు కూడా విప్పుకుని ఎక్కించారు. పిల్లి మెట్ల మీద మిగిలింది. పక్కన విప్పిన మేరీ బిస్కెట్ ప్యాకెట్ ఒకటి. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా చెప్పారు, "పిల్లులు ఇంటికి అలవాటు పడతాయి కదండీ, కొత్తచోటికి తెస్తే పాపం బెంగ పెట్టుకుంటుందని."

బెంగట! నాలుగు రోజులు ఆ తాళం వేసిన తలుపు ముందు తిండీ నీళ్లూ ముట్టకుండా కూర్చున్నదాన్ని బెంగ లేకుండా చూశారట. మీ సామెత మీ దొంగతనానికి సాక్ష్యం చెప్పడానికి పుట్టిందయ్యా! విశ్వాసం లేదని ముందే దాని మీద ముద్ర కొట్టేస్తే రేపు వదిలేసి పోవడానికి చేతికి మట్టి అంటదు, అంతే కదా మీ తెలివి. చట్టం ఉంది, లేకపోలేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, పదకొండో సెక్షన్. పెంచిన జంతువుని ఆకలికి మాడేలా వదిలేయడం నేరమే. మొదటిసారైతే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ మీద వెన్న కూడా రాదు దానికి. ఆ కర్టెన్ రాడ్లు అంతకంటే ఖరీదు, అందుకే వాటిని తీసుకెళ్లారు.

మేం దానికి శశి అని పేరు పెట్టి చూశాం. తల తిప్పలేదు. స్వీటీ అంటే పరిగెత్తుకొచ్చేది, వచ్చి ముఖం చూసి ఆగిపోయేది. పేరు అలాగే ఉంచేశాం.

ఇప్పుడు బాగానే తింటోంది. ఒక్కటే మిగిలింది. ఎదురింట్లో పొద్దున్నే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పెడతారు. ఆ మూడో అంతస్తు వాళ్లూ అదే పెట్టేవాళ్లు, అది అయ్యాకే దీనికి తిండి. ఇప్పటికీ ఆ గొంతు వినపడగానే ఒళ్లో ఉన్నా, నిద్రలో ఉన్నా లేచి మెట్లెక్కి ఆ గుమ్మం ముందు కూర్చుంటుంది. నేను లుంగీ సర్దుకుంటూ వెనకాల వెళ్తాను.

నిన్న కొత్తగా దిగినావిడ పాల ప్యాకెట్ కోసం తలుపు తీసింది. "మీదేనాండీ? రోజూ ఇక్కడే కూర్చుంటుంది. పిల్లికి ఇల్లంటే అంత మమకారం మరి" అంది. తలుపు బార్లా తెరిచే ఉంది, హాలంతా కనిపిస్తోంది. స్వీటీ లోపలికి చూడలేదు. తలెత్తి ఆవిడ ముఖం చూసింది. తర్వాత లేచి, నా కాళ్ల పక్క నుంచి, నాకన్నా ముందే మెట్లు దిగిపోయింది.