ఆడమ్ గూడ్స్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్ సంగతి

మెల్‌బోర్న్ తెలుగు గ్రూపుల్లో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) సీజన్ మొదలైతే చాలు, ఆదివాసీ ఆటగాడు ఆడమ్ గూడ్స్ మీద ఇదే మెసేజ్. "గూడ్స్ గొప్పంతా మీడియా సృష్టి. బ్రౌన్‌లో పతకం కూడా పంచుకున్నదే. చిన్నపిల్లను ఏడిపించాడు. నాటకాలాడి ఫ్రీకిక్కులు కొట్టేస్తే జనం గేలి చేశారు, అంతే. హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఇవ్వలేదు." పంపేది తెలిసినవాళ్లే కాబట్టి ఈ జవాబు.

బ్రౌన్‌లో అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే పతకం. దాన్ని 2003లో ముగ్గురు పంచుకున్న మాట నిజమే. 2006లో మాత్రం ఒక్కడే గెలిచాడు. 2005, 2012 ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్లు), తన క్లబ్ సిడ్నీ స్వాన్స్‌కు 372 మ్యాచ్‌లు కూడా మీడియానే ఆడిపెట్టిందేమో.

ఇక చిన్నపిల్ల. 2013 మే 24న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ప్రత్యర్థి క్లబ్ కాలింగ్‌వుడ్ అభిమానుల్లోంచి "ఏప్" (కోతి) అని కేక వినబడింది. అన్నదెవరో గూడ్స్ సెక్యూరిటీకి చూపించాడు. ఆమెకు పదమూడేళ్లని అప్పటికి అతనికి తెలీదు. తెలిశాక, మర్నాడే, తప్పు ఆ పిల్లది కాదు, ఆమెకు అండగా ఉండండి అని అందరినీ అడిగాడు. ఆమె ఫోన్ చేసి సారీ చెబితే మన్నించాడు. ఇదేనా ఏడిపించడం? అదే వారంలో కాలింగ్‌వుడ్ అధ్యక్షుడు ఎడ్డీ మెక్‌గ్వైర్, కింగ్‌కాంగ్ అనే గొరిల్లా నాటకం పబ్లిసిటీకి గూడ్స్‌ను వాడుకోవచ్చని రేడియోలో అన్నాడు. ఆయనకైతే పదమూడేళ్లు కాదు. మెసేజ్‌లో ఆయన పేరెందుకు లేదో! అన్నట్టు, 2007లో ముంబై వాంఖడేలో ఆస్ట్రేలియా క్రికెటర్ సైమండ్స్‌ను చూసి కోతి చేష్టలు చేసింది మనవాళ్లే. అందుకే ఇది మన గ్రూపుల్లో తిరుగుతుంటే ఇంకా చిరాకు.

ఫ్రీకిక్కుల కోసం అతను కాస్త తొందరగా పడిపోతాడని నాకూ అనిపించేది. అలా పడేవాళ్లు లీగ్ నిండా ఉన్నారు. 1999 నుంచి ఆడుతున్నవాడి నాటకాలు జనానికి 2013 తర్వాతే కనబడ్డాయా? 2014లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్ (దేశం ఏటా ఇచ్చే గౌరవం) అయి జాతివివక్ష గురించి గట్టిగా మాట్లాడాక, మరుసటి ఏడాది కార్ల్‌టన్ క్లబ్ మీద గోల్ కొట్టి ఆదివాసీ యుద్ధనృత్యం చేశాక, బంతి ముట్టుకున్నప్పుడల్లా గేలి. ఆ సీజన్‌తోనే ఆట మానేశాడు. 2019లో ఫుటీ లీగ్ ఏఎఫ్‌ఎల్, దాని 18 క్లబ్బులూ కలిసి అతనికి క్షమాపణ చెప్పాయి. ఫ్రీకిక్కులు ఇచ్చినందుకా?

హాల్ ఆఫ్ ఫేమ్‌కు కమిటీ అతన్ని ఏకగ్రీవంగా ఎంపిక చేసింది. తనకొద్దన్నది గూడ్సే. ఆ గేలే అతన్ని ఆటకు దూరం చేసిందని ఒప్పుకుంటూ 2021లో ఈ సంగతి బయటపెట్టింది కూడా ఏఎఫ్‌ఎల్లే. పెద్దపీట వేసి పిలిస్తే రానన్నవాడికి అసలు పిలుపే రాలేదని మనం ప్రచారం చేస్తున్నాం.