మహారాజశ్రీ మెక్కానో పెట్టె గారికి

బైరాగిపట్టెడ,
తిరుపతి.

మహారాజశ్రీ మెక్కానో ఆరో నంబరు పెట్టె గారి దివ్యసముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, ఆ బాధ్యత మొత్తం మాదే కదా. హాల్లో గాజు అల్మారా పై అరలో ఎండ తగలకుండా, చెమ్మ తగలకుండా, మనిషి చెయ్యి అసలే తగలకుండా, పిల్లలు నట్లు బోల్టులతో బిగించి ఆడుకునే రేకు పట్టీల పెట్టె అయిన తమరు వేంచేసి ఉన్నారు. కింది అరల్లో తమరి బంధువర్గం ఉంది. మా బట్టలు కుర్చీల మీద ఉన్నాయి.

తమరి గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడదామంటే పేరెత్తగానే ఏదో పని గుర్తొచ్చి లేచిపోతున్నారు. అందుకే నేరుగా తమరికే రాస్తున్నాను.

తమరి పుట్టుక గొప్పదే, కాదనను. లివర్‌పూల్‌లో ఒక మాంసం దిగుమతి కంపెనీలో గుమాస్తాగా ఉన్న ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం రేకు పట్టీలు కత్తిరించి, అర అంగుళానికొక బెజ్జం పెట్టి, నట్లు బోల్టులతో బిగించి క్రేన్ చేశాడు. 1901లో పేటెంటు వచ్చింది. 1907లో తమరికి మెక్కానో అని నామకరణం జరిగింది. గుమాస్తాగారు 1931లో పార్లమెంటుకి కూడా వెళ్లారు. ఇదంతా ఎందుకు జరిగిందంటే, ఇవాళ క్రేన్‌లో ఉన్న పట్టీని రేపు విప్పి వంతెనలో బిగించొచ్చు కాబట్టి. బిగించడం ఎంత ముఖ్యమో విప్పడం అంత ముఖ్యం. ఆ పనికే పుట్టారు తమరు.

మరి ఇప్పుడో? తమరి లోపలి అట్టకి పట్టీల్ని కట్టిన దారం ఉంది చూడండి, అది తెగకుండా ఉంటే తమరి ధర ఒకటి, తెగితే ధర ఇంకొకటి. నేను కట్టింది తెగని ధర. అంటే ఏమిటన్నమాట? కొన్ని దశాబ్దాల కింద ఎవరో పిల్లాడికి పుట్టినరోజు కానుకగా తమరు వెళ్లారు. వాడు మూత తీసి, చూసి, మళ్లీ మూసేశాడు. జ్వరమొచ్చిందో, వాడికి ఫుట్‌బాల్ కావాల్సి వచ్చిందో తెలీదు. ఆ పిల్లాడి నిరుత్సాహానికి ఇన్నేళ్ల తర్వాత తిరుపతిలో కూర్చుని నేను డబ్బు కట్టాను. పైన కస్టమ్స్ సుంకం కూడా కట్టాను.

అదే మా మేనమామ మద్రాసు నుంచి తెచ్చిన పెట్టె సంగతి చూడండి. సెంట్రల్ స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్ ఉండేది, 1985లో కాలిపోయింది. అక్కడి పాత సామాన్ల కొట్లో బేరమాడి కొన్నాడు. మూత లేదు, స్పానర్ లేదు, నాలుగు చక్రాల్లో ఒకదానికి టైరు లేదు. మేము దాంతో లారీ చేసి, బియ్యం బస్తాల మీద నుంచి వంటింటి గడప దాకా ఘాట్ రోడ్డు వేసి, మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటూ తిప్పాం. పెయింట్ మొత్తం లేచిపోయింది. ఈమధ్య ఒక తెలిసినాయనకి దాని ఫొటో పంపితే, విడిభాగాలకి తప్ప దేనికీ పనికిరాదని జవాబిచ్చాడు. ఆయన కూడా తమరి భక్తుడే లెండి.

భక్తుడంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో తమరి దర్శనం ఏర్పాట్లు కొండ మీది ఏర్పాట్లకి ఏమాత్రం తీసిపోవు. చుట్టాలొస్తే అల్మారా ముందు వరుసగా నిలబడాలి. చిన్నపిల్లలకి మహాలఘు దర్శనమే, తలుపు దగ్గర నుంచి చూసి "జరగండి, జరగండి" అనగానే కదిలిపోవాలి. నాలాంటి సేకరణ పిచ్చి ఉన్నవాళ్లు వస్తే బ్రేక్ దర్శనం, గాజు తలుపు తీసి మూత పైకెత్తి చూపిస్తాను. మా తమ్ముడి కొడుకు "పెద్దనాయనా, ఒక్కసారి ముట్టుకుంటా" అని చెయ్యి చాపితే నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, పసివాడేం కాదు.

తమరి రంగుల గొడవ ఇంకొకటి. మొదట్లో నికెల్ పూతతో మెరిసేవారు. 1926లో ఎరుపు, ఆకుపచ్చ వేసుకున్నారు. 1934లో నీలం, బంగారు రంగు. యుద్ధం అయ్యాక మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ. 1964కి పసుపు, నలుపు, వెండి రంగు. మా ఆవిడ కట్టుకున్న చీర మెరూనో వంకాయ రంగో ఇప్పటికీ తేల్చలేని నేను, తమరి 1958కి ముందు ఎరుపుకీ తర్వాతి ఎరుపుకీ తేడా ట్యూబులైటు వెలుతురులో చెప్పగలను. ఈ విద్య గురించి ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయడం లేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకొస్తాను. ఆ బోల్టు సంగతి.

తమరిలో అన్నీ ఉన్నాయని అమ్మినాయన రాశాడు. లెక్క పెడితే ఒక బోల్టు, ఒక నట్టు తక్కువ. గాంధీ రోడ్డు వైపు ఒక హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు చూడగానే "ఎం ఫోర్ అన్నా" అని ఒకటి తీసిచ్చాడు. తమరి నట్టు దానికి ఎక్కించి చూశాను. రెండు చుట్లు సాఫీగా తిరిగింది, మూడో చుట్టుకి బిగుసుకుంది, ఇంక అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. లావు దాదాపు ఒకటే, త్రెడ్డే వేరు. అతనిచ్చింది మిల్లీమీటర్ల లెక్క, తమరిది ఇంగ్లీషువాళ్ల విట్‌వర్త్ లెక్క, 5/32 అంగుళం లావు, అంగుళానికి 32 చుట్లు. లోపల గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బోల్టుని వెలుతురుకి పెట్టి చూశాడు. వేలి గోరుతో త్రెడ్డు మీద ఒకసారి గీశాడు. ఏమీ మాట్లాడకుండా నిచ్చెనెక్కి, పై అరలోంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా దించి, అందులో కెలికి ఒక ఇత్తడి బోల్టు తీశాడు. నట్టు పెడితే వెన్నలో వేలు దిగినట్టు దిగిపోయింది.

"ఎంత సామీ?" అన్నాను.

"దీనికేం ఇస్తావులే, ఎత్తుకుపో" అన్నాడు.

ఇంటికి తెచ్చాను. తమరిలో పెట్టలేదు. ఎందుకంటే అది తమరి సొంత బోల్టు కాదు. తల ఆకారం వేరు, పూత వేరు, పుట్టిన ఊరు వేరు. పెడితే తమరి ఒరిజినాలిటీ పోతుందట. సరిగ్గా సరిపోయే ఉచిత బోల్టుని డబ్బాలో పడేసి, తుప్పు పట్టిన బోల్టు ఒకటి సముద్రాలవతలి నుంచి తెప్పించాను. బోల్టు కన్నా దాన్ని పంపించిన ఖర్చే ఎక్కువ. తుప్పు కూడా ఒరిజినల్ అని ఆ అమ్మినాయన హామీ ఇచ్చాడు.

పోనీ తమరితో ఆగుతుందా అంటే అదీ లేదు. తమరి కంపెనీవాళ్లది గడుసు బుర్ర. ఆరో నంబరు కొన్నవాడికి 6ఎ అని ఇంకో పెట్టె అమ్మేవాళ్లు, రెండూ కలిపితే ఏడో నంబరు అయ్యేది. దానికి 7ఎ కలిపితే ఎనిమిది. అలా 9ఎ దాకా ఎక్కుకుంటూ పోతే పదో నంబరు. అదే శిఖరం, దానికి అట్టపెట్టె కూడా చాలదు, చెక్క బీరువా కావాలి. అప్పట్లో పిల్లలు ఒక్కో పుట్టినరోజుకి ఒక్కో మెట్టు ఎక్కేవాళ్లు. నాకు పుట్టినరోజుల కన్నా మెట్లు ఎక్కువ మిగిలాయి.

ఈ తమరే 1934లో ఏం చేశారో గుర్తుందా? మాంచెస్టర్ యూనివర్సిటీలో డగ్లస్ హార్‌ట్రీ అనే ప్రొఫెసరు, ఆయన శిష్యుడు ఆర్థర్ పోర్టర్ తమరి పళ్లచక్రాలూ ఇరుసులూ పట్టీలూ కలిపి అవకలన సమీకరణాలు సాధించే యంత్రం కట్టారు. సుమారు 20 పౌండ్ల సామానుతో అయిపోయింది. యూనివర్సిటీలో కూర్చుని పరమాణువుల లెక్కలు చేసిన వంశం తమది. ఆ హార్‌ట్రీగారు దారం తెంచకుండా పెట్టుకుని ఉంటే ఆ లెక్కలు ఎవరు చేసేవాళ్లో!

2021 నవంబరు వానలు కూడా ఒకసారి తలుచుకోండి. ఊరంతా నీళ్లు, మా వీధిలో మోకాలి లోతు. కరెంటు లేదు. ఆ చీకట్లో నేను మేడ మీదికి మొదట మోసింది తమరిని. తర్వాత ఇంటి కాగితాలు. తర్వాత గ్యాసు సిలిండరు. అమ్మ ఎవరి సాయమూ లేకుండా తనే ఎక్కింది, చేతిలో తన బొమ్మల ట్రంకు పెట్టె పిడి పట్టుకుని. ఆ విషయం ఆవిడ ఇప్పటిదాకా ఎత్తలేదు. అదే నాకు టెన్షన్.

ఆ ట్రంకు పెట్టె గురించి తమరికి తెలియాలి. అందులో మా నాయనమ్మ నాటి ఎర్రచందనం రాజారాణి బొమ్మలున్నాయి. తమరికన్నా వయసులో పెద్దవి. రాణికి ముక్కు చితికింది, రాజుకి ఒక చెయ్యి అతికించారు, అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. ఏటా దసరాకి కొలువులో కూర్చుంటాయి. వీధిలో పిల్లలందరూ వాటిని ఎత్తుకుని, చీర మార్చి, మళ్లీ మెట్టు మీద పెడతారు. వాటి ధర ఎంతని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, అమ్మ అడగనివ్వదు కూడా.

నిన్న ఆవిడ కొలువు పార్కు గురించి ఆలోచిస్తూ అల్మారా వైపు చూసింది. "ఈసారి పార్కులో గుడి కట్టేటట్టు పెడదాం నాయనా. ఇటుకలెత్తే దానికి క్రేను కావాల. పైన ఊరికే పడుందే, ఆ పెట్టె దించు" అంది. తమ్ముడి కొడుకు అప్పటికే స్పానర్ ఎక్కడుందో అడుగుతున్నాడు. మా ఆవిడ కుర్చీల మీది బట్టలు మడతపెట్టి చేతుల్లో పట్టుకుని అల్మారా పక్కన నిలబడింది. హార్డ్‌వేర్ కొట్టు పెద్దాయన ఇచ్చిన బోల్టు కూడా డబ్బాలోంచి బయటికి తీశాను.

కాబట్టి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పాడ్యమి నాడు తమరి దారం తెంచబడును. క్రేను కట్టబడును. పార్కులో చల్లిన ఆవాలకి నీళ్లు పోసేటప్పుడు తమరి మీద కూడా నాలుగు చుక్కలు పడవచ్చును. పెయింటు గీతలకి యాజమాన్యం బాధ్యత వహించదు.

అభ్యంతరాలుంటే లివర్‌పూల్ బిన్స్ రోడ్డులోని తమరి ఫ్యాక్టరీకి రాసుకోవచ్చు. అది 1979లోనే మూతపడింది.

ఇట్లు,
తమరి అల్మారా యజమాని