కథంతా ముందే రాసుకుంటేనే క్యాంపెయిన్ నడపాలా? ఈ ఐదు కారణాలూ నిలబడవు

"ప్రపంచం మొత్తం, కథ మొదలు నుంచి ముగింపు దాకా రాసిపెట్టుకోకుండా క్యాంపెయిన్ మొదలుపెట్టే డీఎం ఆటగాళ్ల టైమ్ వృథా చేస్తున్నట్టే." డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల మధ్య ఈ మాట తెగ షేర్ అవుతోంది, కింద ఐదు కారణాలు కూడా తగిలించి మరీ. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది టేబుల్ చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో (డైస్) ఆడే ఊహల ఆట; క్యాంపెయిన్ అంటే అవే పాత్రలతో చాలాసార్లు కూర్చుని కొనసాగించే ఆట; డీఎం అంటే డంజన్ మాస్టర్: మిగతావాళ్లు తలా ఒక పాత్ర ఆడుతుంటే ఆ పాత్రల చుట్టూ ఉన్న లోకాన్ని, ఊళ్లను, శత్రువులను నడిపే మనిషి. ఆడతామనేవాళ్లు చాలామంది ఉంటారు, నడుపుతామనేవాళ్లే దొరకరు. ఎవరో ఒకరు ధైర్యం చేసి ముందుకొస్తే వాళ్లను మొదటిరోజే బెదరగొట్టే మాట ఇది, అందుకే దీన్ని ఊరికే వదలలేకపోతున్నాను.

"ఈ ఆటను పుట్టించినవాళ్లే ముందు ప్రపంచాన్ని కట్టుకున్నారు" అన్నది మొదటి కారణం. జరిగింది వేరు. 1970ల మొదట్లో అమెరికాలోని మినెసోటాలో, ఈ ఆటను పుట్టించిన ఇద్దరిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ అనే క్యాంపెయిన్‌కు కేంద్రం ఒక ఊరు, ఒక కోట, ఆ కోట కింది నేలమాళిగలు. ఆయన విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా వెళ్లి ఆ రెండో మనిషి గ్యారీ గైగాక్స్‌తో ఆ ఆట ఆడించాడు. అది నచ్చి గైగాక్స్ గ్రేహాక్ అనే ఊహాకోట కింద తన నేలమాళిగ మొదటి అంతస్తు గీసుకుని ఇంట్లో పిల్లలతో మొదలుపెట్టేశాడు. కింది అంతస్తులు, పక్కన నగరం, ఆడేవాళ్లు లోపలికి పోయేకొద్దీ పుట్టుకొచ్చాయి. ఆట అచ్చయి పెట్టెలో అమ్మకానికి వచ్చింది 1974లో, గ్రేహాక్ ప్రపంచం పెద్ద మ్యాప్‌తో సహా అచ్చయింది 1980లో. అంటే ఆట ముందు, ప్రపంచం తర్వాత.

రెండోది: "ఆటగాళ్లు ఎటైనా పోతారు, కాబట్టి అన్నీ సిద్ధంగా ఉండాలి." ఎటైనా పోతారన్నది నిజమే. కానీ అన్నీ సిద్ధం చేస్తే అందులో ఎక్కువ భాగం ఎవరూ చూడకుండానే మిగిలిపోతుంది. ఈ ఆట నియమాల ఐదో ఎడిషన్ ప్రకారం మామూలుగా నడిస్తే రోజుకు 24 మైళ్లు, ఒక సెషన్‌లో, అంటే ఒకసారి కూర్చుని ఆడినంతలో, వాళ్లు నిజంగా చేరుకోగలిగే చోట్లు చాలా కొన్నే. సెషన్ అయిపోయాక లేచి వెళ్లేముందు "వచ్చేసారి ఎటు వెళ్దామనుకుంటున్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన దిక్కు తయారుచేసుకుంటే సరిపోతుంది.

అసలు గొడవంతా మూడో కారణం దగ్గరే ఉంది: "ముగింపు తెలియకపోతే కథకు దిశ ఉండదు." ఇది నవలకు చెప్పాల్సిన మాట. నవలలో పాత్రలన్నీ రచయిత చేతిలో ఉంటాయి, ఇక్కడ ముఖ్యపాత్రలన్నీ ఎదురుగా కూర్చున్న వేరే మనుషుల చేతిలో ఉంటాయి. డీఎం తయారుచేయాల్సింది కథను కాదు, పరిస్థితిని. నది మీద వంతెనను బందిపోట్లు పట్టుకున్నారు, సంతకు ధాన్యం రావడం లేదు. కోటలో అధికారి వాళ్ల దగ్గర లోపాయికారీగా వాటా తీసుకుంటున్నాడు, ఎందుకైనా మంచిదని బందిపోట్ల నాయకురాలి తమ్ముణ్ని తన చెరలో ఉంచుకున్నాడు. ఎవరికి ఏం కావాలో, ఎవరూ అడ్డుపడకపోతే పది రోజుల్లో ఏం జరుగుతుందో ఒక పేజీలో రాసుకోండి. ఆటగాళ్లు వంతెన మీద కత్తి దూస్తారో, తమ్ముణ్ని విడిపించి ఆమెతో ఒప్పందం చేసుకుంటారో, అధికారి బండారం సంతలో బయటపెడతారో మీకు ముందే తెలియక్కర్లేదు. వాళ్లు ఏం చేసినా ఆ అధికారి ఏం చేస్తాడో మీకు తెలుస్తుంది, ఎందుకంటే అతనికి ఏం కావాలో మీకు తెలుసు. అదే "మూడో సీన్‌లో అధికారి తప్పించుకుంటాడు" అని రాసుకున్నారనుకోండి, రెండో సీన్‌లోనే ఒక ఆటగాడి పాత్ర అయిన మాంత్రికుడు మొదటి స్థాయి స్లీప్ మంత్రంతో అతన్ని నిద్రపుచ్చితే మీకు రెండే దారులు: కథను పారేయడం, లేదా ఆ మంత్రం పనిచేయలేదని అబద్ధమాడటం. చాలామంది రెండోదే చేస్తారు, ఆటగాళ్లకు అది తెలిసిపోతుంది, ఆ తర్వాత వాళ్లు తెలివిగా ఆలోచించడం మానేస్తారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అధికారి వాటా సంగతి ఆటగాళ్లకు తెలియాలంటే ఒక్క ఆధారం పెట్టి ఊరుకోకండి, కనీసం మూడు పెట్టండి. ఒకటి చూడరు, ఇంకొకటి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు.

నాలుగోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది: "కథను కాపాడటానికి డైస్ చాటుగా వేసి ఫలితం మార్చుకోవచ్చు." ఐదో ఎడిషన్‌లో పాత్ర హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) సున్నాకు పడితే ఆ ఆటగాడు తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల డై వేస్తాడు. 10 లేదా అంతకంటే ఎక్కువ పడితే గెలుపు, తక్కువ పడితే ఓటమి. మూడు గెలుపులైతే ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములైతే పోతుంది. అప్పుడు టేబుల్ చుట్టూ ఉండే టెన్షన్, వైద్యం తెలిసిన పాత్ర పరుగెత్తుకుంటూ రావడం, ఇవన్నీ ఆ డై నిజమని అందరూ నమ్మినంత వరకే. శత్రువు దెబ్బల్ని డీఎం చాటుగా తగ్గిస్తున్నాడని ఒక్కసారి అనుమానం వస్తే ఆ నమ్మకం తిరిగి రాదు. చనిపోతే ఆట పాడవుతుందనుకుంటే, చావు లేకుండా ఆడదామని మొదటి రోజే అందరూ కలిసి ఒప్పుకోండి, అందులో ఏ తప్పూ లేదు. చాటుగా చేయడమే తప్పు.

"క్రిటికల్ రోల్ లాంటి షోలు చూడండి, ఎంత తయారీ ఉంటుందో" అన్నది ఐదోది. క్రిటికల్ రోల్ అంటే ఈ ఆటను ఆడుతూ చూపించే షో. 2015లో ప్రసారం కాకముందు అది స్నేహితులు ఇంట్లో ఆడుకున్న ఆట, మొదలైంది వాళ్లలో ఒకరి పుట్టినరోజు కోసం. పైగా వాళ్లు వృత్తిరీత్యా వాయిస్ యాక్టర్లు. మీరు గొంతులు మార్చక్కర్లేదు, "గోబ్లిన్ వణికిపోతూ బతిమాలుతోంది" (గోబ్లిన్ అంటే పొట్టి రాక్షసజాతి జీవి) అని మామూలు గొంతుతో తెలుగులో చెప్పినా ఆడేవాళ్లకు బొమ్మ కనిపిస్తుంది.

ఇక సొంతంగా ఏమీ రాయలేమనుకునేవాళ్లు 2014 స్టార్టర్ సెట్ (కొత్తవాళ్ల కోసం తయారుచేసిన పెట్టె)లో సిద్ధంగా ఉన్న ఫాండెల్వర్ సాహసం చూడండి. బండి తోలుకుపోతుంటే దారిలో గోబ్లిన్ల దాడితో మొదలవుతుంది, ఫాండాలిన్ ఊరు చేరాక ఏ పని ముందు చేయాలో చాలావరకు ఆటగాళ్ల ఇష్టానికే వదిలేస్తుంది. డబ్బు సమస్యైతే, ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోవచ్చనే) లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతున్నాయి, డైస్ లేకపోతే ఫోన్‌లో వేసుకోవచ్చు. ఈ శనివారమే ఒక వంతెన, ఒక అధికారి, ముగ్గురు స్నేహితులతో మొదలుపెట్టండి.